అమ్మ గదిలో పరుపు

2023 జూన్‌లో అమ్మ విజయనగరం నుంచి మా ఇంటికి వచ్చిన నాలుగో రోజు. తెల్లవారుజామున మూడు గంటలప్పుడు కింద గెస్ట్ రూములోంచి ఏదో ఈడ్చినట్టు చప్పుడైతే మెలకువొచ్చింది. దిగి వెళ్ళి లైటు వేశాను. నాలుగు దిళ్ళతో చక్కగా సర్దిన మంచం సర్దినట్టే ఉంది. అమ్మ నేలమీద ఉంది. రెండు దుప్పట్లు మడతపెట్టి కార్పెట్టు మీద పరుచుకుని పడుకున్నట్టుంది. బాత్రూముకి వెళ్దామని లేవబోతూ, ఒక చెయ్యి మంచం కోడుకి, ఇంకో చెయ్యి నేలకి ఆనించి, మోకాళ్ళ మీద ఆగిపోయి ఉంది. ఎంతసేపట్నించి అలా ఉందో! నన్ను చూడగానే, "నువ్వెందుకు లేచేవే, పొద్దున్నే డ్యూటీ కదా, పో, పడుకో" అంది.

నేను ఇంటర్నల్ మెడిసిన్ డాక్టర్ని. డెబ్భై దాటినవాళ్ళని "ఈ మధ్య ఎప్పుడైనా కిందపడ్డారా?" అని అడగడం నా ఉద్యోగంలో భాగం. ఆ వయసులో తుంటి ఎముక విరిగితే ఏమవుతుందో నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. అలాంటిది, 74 ఏళ్ళ మా అమ్మ అరిగిపోయిన మోకాళ్ళతో నాలుగు రాత్రులుగా నా ఇంట్లోనే నేలమీద పడుకుని లేస్తోందని నాకు తెలియలేదు.

"మంచం ఉండగా ఇదేంటమ్మా?" అన్నాను.

"అది మంచం కాదే, ఉయ్యాల. అటు తిరిగితే ఇటు లేస్తుంది, ఇటు తిరిగితే అటు దిగుతుంది. అది నన్ను మొయ్యట్లేదు, నేనే దాన్ని మోస్తున్నట్టుంది రాత్రంతా" అంది.

ఉగాది సంచికలో పరుపు గురించి రాయడమేమిటని నవ్వకండి. మన ఇళ్ళల్లో ఒక ఆచారం ఉంది. ఎవరూ పైకి చెప్పుకోం గానీ, దాదాపు అందరం పాటిస్తాం. మాస్టర్ బెడ్‌రూములోకి కొత్త పరుపు వస్తుంది. అక్కడి పాత పరుపు గెస్ట్ రూములోకి దిగుతుంది. ఆ గెస్టులెవరయ్యా అంటే, ఏడాదికీ రెండేళ్ళకీ ఒకసారి వచ్చి ఆరేసి నెలలు ఉండిపోయే మన అమ్మానాన్నలే! వారాంతానికి వచ్చి ఒక్క రాత్రి పడుకుని వెళ్ళే స్నేహితుల కోసం అమర్చిన గదిలో, నడుములూ మోకాళ్ళూ అరిగిన వాళ్ళని నూట ఎనభై రాత్రులు పడుకోబెడతాం.

మా ఇంట్లో జరిగిందీ అదే. ఆ పరుపు 2006 నాటిది. అప్పుడు నేను రెసిడెన్సీ మొదటి సంవత్సరంలో ఉన్నాను. అప్పటిదాకా, ఈ దేశానికి కొత్తగా వచ్చిన అందరిలాగే, గాలి కొట్టిన పరుపు మీద మొదలుపెట్టి, ఎవరో ఖాళీ చేస్తూ వదిలేసిన పరుపు దాకా ఎదిగాం. మెమోరియల్ డే సేల్‌లో మొట్టమొదటిసారి కొత్త పరుపు, అదీ పధ్నాలుగు అంగుళాల మందాన, పైన దిండులా కుట్టిన మెత్తతో సహా కొనుక్కున్న రోజున మా ఇద్దరికీ ఏదో సాధించినట్టే అనిపించింది. 2017లో మాకు ఇంకో స్ప్రింగుల పరుపు కొనుక్కుని దీన్ని కిందికి దింపాం. అంటే అమ్మ దానిమీద పడుకునేసరికి దాని వయసు పదిహేడేళ్ళు. ఇంట్లో ఫోన్లూ కార్లూ ఎన్నిసార్లు మారాయో లెక్కలేదు. పరుపు మాత్రం దుప్పటి కింద ఉంటుంది కాబట్టి దాని వయసు ఎవరికీ కనిపించదు.

మావారు మెకానికల్ ఇంజనీరు. నేను కళ్ళనీళ్ళు పెట్టుకుంటుంటే ఆయన స్కేలూ పురికొసా పట్టుకొచ్చారు. పరుపుకి ఈ అంచు నుంచి ఆ అంచుకి దారం బిగించి, మధ్యలో లోతు కొలిచారు. ఒకటీ ముప్పావు అంగుళం! మనిషి పడుకోకుండానే అంత గుంట ఉంటే, పడుకున్నాక నడుము ఎక్కడికి పోతుందో ఊహించుకోవచ్చు. గ్యారంటీ కాగితం తీసి చూస్తే పదేళ్ళే. అది దాటి అప్పటికే ఏడేళ్ళయింది.

స్ప్రింగుల పరుపుని నేనేమీ తక్కువ చెయ్యను. దానిదో పెద్ద చరిత్ర. విస్కాన్సిన్‌లోని కెనోషాలో సిమ్మన్స్ కంపెనీ 1925లో 'బ్యూటీరెస్ట్' పేరుతో, ఒక్కో స్ప్రింగునీ ఒక్కో గుడ్డ సంచిలో కుట్టి అమ్మింది. ఒక స్ప్రింగు కుంగితే పక్కది కదలకూడదన్నది అందులో కిటుకు. మాది ఆ రకం కాదు. డమరుకంలా నడుము సన్నగా ఉండే స్ప్రింగులన్నిటినీ ఒకదానితో ఒకటి తీగలతో అల్లేసిన చవక రకం. ఒక మూల కూర్చుంటే ఇంకో మూలకి కబురందుతుంది. పైగా స్ప్రింగుల కన్నా ముందు చచ్చిపోయేది వాటి మీద పరిచిన ఫోము. ఆ పలచటి మెత్త నలిగిపోయాక మనిషికీ ఇనుముకీ మధ్య మిగిలేది గుడ్డే.

ఇంకో సంగతి కూడా ఆ టేపుతోనే బయటపడింది. ఇనప చట్రం ఏడంగుళాలు, దానిమీద బాక్స్ స్ప్రింగు తొమ్మిది, ఆపైన పరుపు పధ్నాలుగు. మొత్తం ముప్ఫై అంగుళాలు. అమ్మ ఎత్తు అయిదడుగులకి ఓ అంగుళం తక్కువ. మంచం ఎక్కాలంటే చేతులమీద ఎగరాలి, దిగాలంటే కాళ్ళు అందక జారాలి. ముసలివాళ్ళు అంచున కూర్చుంటే రెండు పాదాలూ నేలకి పూర్తిగా ఆనాలని, అప్పుడే లేచేటప్పుడు తూలరని నా పేషంట్ల పిల్లలకి ఎన్నిసార్లు చెప్పానో! మా గెస్ట్ రూములోకి మాత్రం ఎప్పుడూ ఆ కళ్ళతో చూడలేదు.

మర్నాడు కాఫీ తాగుతూ అమ్మ మామూలుగా, ఏదో వంట సంగతి చెప్పినట్టు, "మీ నాన్నగారూ అంతే కదే" అంది.

నాన్న 2021లో పోయారు. 2019లో ఇద్దరూ వచ్చి అయిదు నెలలు ఆ గదిలోనే ఉన్నారు. "మీరంతా పైకెళ్ళిపోయాక హాల్లో ఆ వాలుకుర్చీలో నిద్రపోయేవారు. నువ్వు అయిదింటికి దిగుతావని, ఆలోపే లేచి గదిలోకి వచ్చేసేవారు."

"నాకెందుకు చెప్పలేదమ్మా?"

"చెప్తే కొత్తది కొంటావు కదా. ఆర్నెల్లకి వచ్చి పోయేవాళ్ళం, నీకెందుకు ఖర్చు అనేవారు."

రోజూ పొద్దున్నే "నిద్ర పట్టిందా నాన్నా?" అని అడిగేదాన్ని. "బ్రహ్మాండంగా" అనేవారు. మధ్యాహ్నాలు పేపరు చేతిలో పట్టుకుని కునికిపాట్లు పడుతుంటే, వయసు కదా అనుకున్నాను. బీపీ మందులు మార్చాలేమోనని కూడా ఆలోచించాను. మంచం గురించి మాత్రం ఆలోచించలేదు.

ఆ రోజు సాయంత్రం నుంచి మా ఇంట్లో పరుపుల యజ్ఞం మొదలైంది. అమ్మ మటుకు "చెక్కబల్ల ఒకటి వేయించు చాలు, నడుంనొప్పికి గట్టిది మంచిది" అంది. మనలో చాలామంది నమ్మకమిదే. నాకూ చదువుకునే రోజుల్లో అలాగే చెప్పారు. కానీ 2003లో 'లాన్సెట్' పత్రికలో స్పెయిన్ డాక్టర్లు ఒక అధ్యయనం ప్రచురించారు. చాలాకాలంగా నడుంనొప్పి ఉన్న 313 మందిలో కొందరికి గట్టి పరుపులూ, కొందరికి మధ్యరకం గట్టివీ ఇచ్చి తొంభై రోజులు చూస్తే, పడుకున్నప్పటి నొప్పీ, లేచేటప్పటి నొప్పీ, పగలు పనులకి పడే ఇబ్బందీ మధ్యరకం వాళ్ళకే ఎక్కువ తగ్గాయి. మరీ గట్టిదైతే భుజం, తుంటి నొక్కుకుని నడుం గాల్లో మిగిలిపోతుంది. మరీ మెత్తదైతే నడుమే గుంటలో పడుతుంది. మా తాతగారింట్లో నులకమంచం వదులైనప్పుడల్లా కాళ్ళవైపు తాడు లాగి బిగించేవారు. నవారు మంచానికీ అంతే. అది వదులవుతుందనీ, బిగించాలనీ అందరికీ తెలుసు. ఊళ్ళో పరుపులైతే ఏడాదికోసారి విప్పి, దూదేకే అతను వచ్చి టంగుటంగుమని దూది ఏకి మళ్ళీ నింపేవాడు. మనం ఇక్కడ కొనే పరుపుని విప్పేదీ లేదు, ఏకేదీ లేదు, బిగించేదీ లేదు.

విప్పగలిగే పరుపు ఏదైనా ఉందా అని వెతుకుతుంటేనే మావారికి రబ్బరు పాల పరుపు, అదే లేటెక్స్ పరుపు, కనిపించింది. ఒక సంచికి జిప్పు, లోపల మూడేసి అంగుళాల పొరలు మూడు. గట్టిది, మధ్యరకం, మెత్తది. ఏది పైనుండాలో మనిష్టం. ఏదైనా పాడైతే ఆ ఒక్క పొరే మార్చుకోవచ్చు. గట్టిదనానికి ఒక అంకె కూడా ఇస్తారు. 50 చదరపు అంగుళాల గుండ్రటి పళ్ళెంతో ఫోముని దాని మందంలో నాలుగో వంతు కుంగదియ్యడానికి ఎన్ని పౌండ్ల బరువు కావాలో అదే ఆ అంకె. అంకె ఉన్న వస్తువంటే ఇంజనీర్లకి ప్రాణం లేచొస్తుంది. మావారు మూడు రోజులు కంప్యూటర్లో పట్టికలు వేశారు. మెమరీ ఫోము కూడా చూశాం గానీ, అది ఒంటిని పట్టుకుని మెల్లగా వదులుతుంది. బలం తగ్గినవాళ్ళు అందులో పక్కకి తిరగడం కష్టం. రబ్బరు అయితే నొక్కినంతసేపే కుంగి, వెంటనే తిరిగి నెడుతుంది.

అట్టపెట్టెల్లో చుట్టచుట్టి వచ్చింది. ఒక్కో పొరా నలభై పౌండ్ల పైనే. పట్టుకోవడానికి పిడి లేదు, ఎటు ఎత్తితే అటు వేలాడుతుంది. మావారూ, మా పదిహేనేళ్ళ అమ్మాయీ, నేనూ కలిసి నిద్రపోతున్న గేదెని మోసినట్టు మోశాం. అమ్మ కుర్చీలో కూర్చుని, "కొత్త సైకిల్ ట్యూబు వాసనేస్తోంది" అంది. నిజమే. కిటికీలు తీసి ఉంచితే వారం పది రోజులకి తగ్గింది. తర్వాత దగ్గరికొచ్చి వేలితో నొక్కి చూసి, "ఒళ్ళంతా ఈ బెజ్జాలేంటే?" అని అడిగింది.

ఇదెలా చేస్తారో చెప్పాను. రబ్బరు చెట్టు పాలు గడ్డకట్టకుండా అమోనియా కలిపి తెస్తారు. గంధకం వగైరా చేర్చి, నురగ వచ్చేలా గిలక్కొట్టి, అచ్చులో పోసి, ఆవిరి మీద ఉడికిస్తారు. అచ్చులో వరసగా లోహపు పుల్లలుంటాయి, మధ్యదాకా వేడి అందడానికి. ఆ పుల్లల గుర్తులే ఈ బెజ్జాలు. 1929లో బర్మింగ్‌హామ్‌లో డన్‌లప్ కంపెనీలో పనిచేసే ఇ.ఎ. మర్ఫీ అనే శాస్త్రజ్ఞుడు వంటింట్లో వాడే మిక్సరుతోనే రబ్బరు పాలని గిలక్కొట్టి ఈ నురగ సాధించాడు. మన చిన్నప్పుడు 'డన్‌లప్ దిండు' అని గొప్పగా చెప్పుకున్నది ఆ పేరే. తలాలే అని ఇంకో పద్ధతి ఉంది. అందులో అచ్చు సగమే నింపి, లోపలి గాలి లాగేసి నురగని ఉబ్బించి, గడ్డకట్టించి, ఆ తర్వాత ఉడికిస్తారు. డన్‌లప్ పద్ధతిలో అడుగు భాగం కాస్త చిక్కబడుతుంది, తలాలేలో అంతా ఒకేలా ఉంటుంది.

అంతా విని అమ్మ, "అయితే ఇడ్లీయే అన్నమాట" అంది. ఇన్నేళ్ళలో ఎవరూ ఇంతకన్నా బాగా చెప్పి ఉండరు.

కాసేపాగి, "మా తాతగారి తమ్ముడొకాయన రబ్బరు తోటల్లో పనికని మలయా వెళ్ళిపోయాడట" అంది. మా వైపు నుంచి రంగం వెళ్ళినవాళ్ళే ఎక్కువ గానీ, మలయా వెళ్ళినవాళ్ళూ ఉన్నారు. అసలు రబ్బరు చెట్టు ఆసియాది కాదు. 1876లో హెన్రీ విక్హామ్ బ్రెజిల్ నుంచి దాదాపు 70,000 గింజలు లండన్ దగ్గరి క్యూ తోటకి చేరిస్తే, అక్కడ మొలిచినవాటిలో 22 మొక్కలు మరుసటేడు సింగపూరు చేరాయి. అలా మలయాలో తోటలు లేచాయి, వాటికి కూలీలు కావలసివచ్చారు. కంగాణీలు ఊళ్ళలోకి వచ్చి తమిళుల్నీ, మన తెలుగువాళ్ళనీ ఓడలెక్కించారు. 1938లో భారత ప్రభుత్వం ఆపేదాకా అది సాగింది. రబ్బరు పాలు తెల్లవారకముందు చల్లటి వేళలోనే బాగా కారతాయి. అందుకని గీత గీసేవాళ్ళు చీకట్లోనే లేచి తోటల్లోకి వెళ్ళాలి. "ఒక ఉత్తరం వచ్చిందట. చీకటితో లేపేస్తారు, నిద్ర చాలదు అని రాశాడట. ఆ తర్వాత ఇంకేం రాలేదు" అంది అమ్మ. ఆయన పేరు కూడా అమ్మకి సరిగ్గా గుర్తు లేదు.

మొదటి రాత్రి పరీక్షలో మేం తప్పాం. పుస్తకంలో చెప్పినట్టే మెత్తటి పొర పైన పెట్టాం. "గోధుమపిండి ముద్దలో కూరుకుపోయినట్టుంది" అంది అమ్మ. మళ్ళీ జిప్పు తీసి, ఆ గేదెల్ని మళ్ళీ మోసి, మెత్తటిది మధ్యకి దించి, మధ్యరకాన్ని పైకి తెచ్చాం. బాక్స్ స్ప్రింగు తీసేశాం. రబ్బరు పరుపుకి దగ్గర దగ్గరగా చెక్క పట్టీలున్న మంచం ఉండాలి. పట్టీల మధ్య సందు మూడంగుళాలు మించితే సందుల్లోకి జారి కుంగుతుంది. మావారు తొమ్మిదంగుళాల ఎత్తు మంచమే ఏరి తెచ్చారు. తొమ్మిదీ తొమ్మిదీ పద్దెనిమిది. అమ్మ అంచున కూర్చుంటే రెండు పాదాలూ నేలకి ఆనాయి. మంచం పక్కన ఒక చిన్న రాత్రి దీపం పెట్టాం.

మూడో రాత్రి నేను మూడింటికి కావాలనే లేచి, తలుపు సందులోంచి చూశాను. అమ్మ మంచం మీద, ఒక పక్కకి ఒత్తిగిలి, నోరు కొద్దిగా తెరిచి నిద్రపోతోంది. తర్వాత మా అమ్మాయి కూడా దిండు తీసుకుని అమ్మమ్మ పక్కన చేరింది. అది రాత్రంతా దొర్లుతుంది. అయినా అమ్మకి తెలియలేదు. మోకాళ్ళ నొప్పి తగ్గిందా అని మీరడిగితే, తగ్గలేదు. అది అరిగిన కీలు, పరుపుతో పోదు. పొద్దున్న లేవగానే నడుం పట్టేయడం మాత్రం తగ్గిందని అమ్మే చెప్పింది. అడక్కుండా చెప్పింది కాబట్టి నమ్ముతున్నాను. అడిగితే అమ్మ కూడా 'బ్రహ్మాండంగా' అంటుంది.

మీరూ మారుద్దామనుకుంటే ఒకటి రెండు మాటలు. ఇది చవక కాదు. మాకు క్వీన్ సైజుకి రెండు వేల డాలర్ల దాకా అయింది. 'సహజం' అన్న మాట చూసి మోసపోవద్దు. పెట్రోలియం నుంచి చేసిన కృత్రిమ రబ్బరు కలిపినవీ ఉంటాయి. ఎంత శాతమో అడగండి. గోల్స్ అనే ముద్ర ఉంటే, అందులో కనీసం 95 శాతం ధ్రువీకరించిన సేంద్రియ రబ్బరు పాలు ఉండాలన్నది నియమం. 2007 జూలై నుంచి ఈ దేశంలో అమ్మే పరుపులన్నీ మంటని తట్టుకునే పరీక్షలో నెగ్గాలి. చాలామంది లేటెక్స్ తయారీదారులు అందుకోసం పైతొడుగులో ఉన్ని వాడతారు. ముఖ్యంగా, ఇంట్లో ఎవరికైనా రబ్బరు గ్లవ్సులు తొడుక్కుంటే దద్దుర్లో, ఆయాసమో వచ్చే అలవాటుంటే, అరటిపండో అవకాడోనో తింటే నోరు దురదపెడుతుంటే, ముందు డాక్టరుతో మాట్లాడండి. ఒకప్పుడు ఆసుపత్రుల్లో పౌడరు పూసిన రబ్బరు గ్లవ్సుల వల్ల ఎంతోమంది నర్సులకీ డాక్టర్లకీ ఈ ఎలర్జీ వచ్చింది. 2017 జనవరి నుంచి అసలు పౌడరు గ్లవ్సులనే ఎఫ్‌డీయే నిషేధించింది. ఉడికించి కడిగిన ఫోములో ఆ ప్రోటీన్లు బాగా తక్కువే, పైన తొడుగూ ఉంటుంది. అయినా, ఎలర్జీ ఉన్నదని తెలిసినవాళ్ళు సాహసం చెయ్యకూడదు.

అంత డబ్బు పెట్టలేమనుకుంటే, మంచి సంచీ స్ప్రింగుల పరుపు కూడా పరవాలేదు. దాని వయసు గుర్తుపెట్టుకుని, మంచం ఎత్తు తగ్గిస్తే చాలు. ఎత్తు తగ్గించడానికి పెద్ద ఖర్చేమీ లేదు. మామూలు బాక్స్ స్ప్రింగు బదులు సగం మందం ఉండేది దొరుకుతుంది.

పాత పరుపుని ఏం చెయ్యాలన్నది ఆఖరి సమస్య. మావారు గరాజ్‌లో ఒక మూల కోసి లోపల చూస్తేగాని ఊరుకోలేదు. స్ప్రింగులు నిగనిగలాడుతున్నాయి, వాటిమీది ఫోము చపాతీలా అయిపోయింది. మా కనెటికట్ రాష్ట్రం పరుపుల రీసైక్లింగుకి 2013లోనే చట్టం చేసింది. దేశంలో అదే మొదటిది. 2015 నుంచి అమలులో ఉంది. కొత్త పరుపు కొన్నప్పుడు బిల్లులోనే చిన్న రుసుము కట్టించుకుంటారు. ఊరి ట్రాన్స్‌ఫర్ స్టేషన్లో దించి వచ్చాం. ఉక్కు కరిగిస్తారట. దాన్ని వాన్‌లోంచి దింపుతున్నప్పుడు నాన్న గుర్తొచ్చారు. హాల్లో ఆ వాలుకుర్చీ ఇంకా ఉంది. అది తియ్యనివ్వలేదు నేను.

నవంబరులో అమ్మ వెళ్ళిపోయింది. తర్వాత ఒక వారానికి, పైన మా గదిలో నడుం పట్టేసిందని వంక పెట్టి నేను కింద గదిలో పడుకున్నాను. రెండో రాత్రి మావారూ దిండు పట్టుకుని వచ్చారు. ఇప్పటికీ అక్కడే పడుకుంటున్నాం. మా గదిలోకి ఇలాంటిదే ఒకటి కొనాలి, పట్టికలు తయారవుతూనే ఉన్నాయి. ఈ వేసవికి అమ్మ మళ్ళీ వస్తోంది. మొన్న ఫోన్లో అన్నీ మాట్లాడాక, "నా మంచం మీద ఎవరైనా పడుకుంటున్నారేంటే?" అని అడిగింది.

"ఎవరూ లేరమ్మా, ఖాళీగానే ఉంది" అన్నాను.